డాబా మీది ఊళ్లు

నా తోటికోడలిది అర్మేనియా దేశం. ఈ మాట అనగానే ఎదుటివాళ్ల మొహాలు వెలిగిపోతాయి. "అట్లనా! ఎట్లుంటది? మన కూడు తింటదా? మన మాట వస్తదా?" అని అడుగుతారు. నేనెలా ఉన్నానని మాత్రం ఎవరూ అడగరు. ఇబ్రహీంపట్నంలో మా వాడకు మా ఇల్లు ఒకప్పుడు టీచరమ్మ ఇల్లు. ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను కనుక ఆ పేరు వచ్చింది. ఆమె వచ్చాక అది ఫారినామె ఇల్లయింది. గ్యాస్ సిలిండర్ తెచ్చే అతను కూడా ఇప్పుడు అదే గుర్తు అడుగుతూ వస్తున్నాడు.

మా మరిది డాక్టరు చదువుకని అర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్లాడు. అక్కడ ఫీజు తక్కువని మా వైపు పిల్లలు చాలామందే వెళ్లారు. చదువయ్యాక, బయట చదివినవాళ్లకు ఇక్కడ పెట్టే పరీక్ష పడుతూ లేస్తూ పాసై, మీర్‌పేట్‌లో ఒక దవాఖానలో చేరాడు. తర్వాత మళ్లీ వెళ్లి, ఆమెను పెళ్లాడి తీసుకొచ్చాడు. కింద భాగంలో మేముంటాం: అత్తమ్మ, మా ఆయన, నేను, అయిదో తరగతి చదివే మా అమ్మాయి. పైన రెండు గదుల్లో వాళ్లుంటారు. ఆ గదుల ముందు సగం డాబా ఖాళీ. ఈ కథంతా ఆ ఖాళీ డాబా మీదే జరిగింది.

ఆమె మీద నాకు అసూయ. మర్యాదకు చిన్న మాట ఏదన్నా వెతుకుదామంటే దొరకడం లేదు. ఆమె చెడ్డదైతే నాకు ఎంతో సుఖంగా ఉండేది. ఆమె మంచిది. నన్ను "అక్కా" అని పిలుస్తుంది, నేను వాకిలి ఊడుస్తుంటే చీపురు లాక్కుని తను ఊడుస్తుంది. తెలుగు అత్తమ్మ దగ్గర నేర్చుకుంది కాబట్టి అచ్చం అత్తమ్మలాగే మాట్లాడుతుంది. నేను బడిలో పుస్తకాల తెలుగు మాట్లాడీ మాట్లాడీ మరిచిపోయిన పాత మాటలు ఆమె నోట వినిపిస్తుంటే అత్తమ్మ మురిసిపోతుంది. "నీకన్న గీమెకే మన మాట మంచిగొస్తదే" అని ఒకరోజు నా మొహం మీదే అనేసింది. తెలుగు టీచరుని పట్టుకుని అనాల్సిన మాటేనా అది?

అత్తమ్మకు ఒక ద్రాక్ష పందిరి ఉంది. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గరి ఒక తోట నుంచి కొమ్మ తెచ్చి నాటింది. తీగ పెరిగి డాబా దాకా ఎక్కింది. అందని ద్రాక్ష పుల్లన అంటారు, మా పందిరి ద్రాక్ష అందినా పుల్లనే. అయినా ఆ తీగంటే అత్తమ్మకు ప్రాణం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో బట్టలారేస్తూ ఒక రెమ్మ విరిచానని వారం పాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తోటికోడలు వచ్చిన వేసవిలో ఒకరోజు బడి నుంచి వచ్చి చూద్దును కదా, అత్తమ్మ స్టూలు పట్టుకుని నిలబడింది, ఆమె స్టూలెక్కి లేత ఆకులన్నీ తెంపుతోంది. ఆ ఆకుల్లో కీమా, బియ్యం పెట్టి బీడీల్లా చుట్టి ఉడికించింది. దాన్ని టోల్మా అంటారట. మా ఆయన లెక్క లేకుండా తిన్నాడు. నేను చింతచిగురు పప్పు చేస్తే రెండో ముద్దకే చెయ్యి కడుక్కునే మనిషి! పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

ఇవన్నీ చిన్న కడుపుమంటలు, మజ్జిగ తాగితే తగ్గేవి. అసలు మంట వేరే ఉంది.

వచ్చిన కొద్ది నెలలకే ఆమెకు ఇక్కడ తనవాళ్లు దొరికారు. మొదట దొరికినవాళ్లు బతికి లేరు. హైదరాబాద్ ఉప్పుగూడలో ఎప్పటివో అర్మేనియా వర్తకుల సమాధులు ఉన్నాయట. మరిది బండి మీద తీసుకెళ్లి చూపించాడు. రాళ్ల మీద తన అక్షరాలు చూసి పెద్దగా ఏడ్చిందట. ఇంటికొచ్చి అత్తమ్మతో, "మావోళ్లు ఈడ గూడ ఉన్నరత్తమ్మా" అంది. ఎన్నో తరాల కిందట పోయినవాళ్లను చుట్టాలుగా కలుపుకున్న మనిషిని చూడటం నాకు అదే మొదలు.

తర్వాత బతికున్నవాళ్లు దొరికారు. ఒకామె తెహ్రాన్‌లో పుట్టి ఎప్పుడో హైదరాబాదీని పెళ్లి చేసుకుని ఇక్కడే ముసలిదైంది. ఒకామె బేరూత్ నుంచి ఉద్యోగం కోసం వచ్చింది. ఇంకొకామె కలకత్తాలో పాతుకుపోయిన అర్మేనియా వాళ్ల ఇంటి పిల్ల. అందరూ అర్మేనియా జాతివాళ్లే కానీ ఒక్కొక్కరిదీ ఒక్కో దేశం, మాటలో యాస కూడా వేరే. అయినా నెలకో ఆదివారం నగరం అవతలి నుంచి కార్లు వేసుకుని మా ఇబ్రహీంపట్నం వచ్చేవారు, మా ద్రాక్ష ఆకుల కోసమూ మా డాబా కోసమూ. పైన చాప పరుచుకుని ఆకులు చుడుతూ పోట్లాడుకునేవారు. టోల్మాలో నిమ్మరసం పిండాలని బేరూత్ ఆమె, పిండితే పాడైపోతుందని నా తోటికోడలు, మీ ఇద్దరికీ వంటే రాదని తెహ్రాన్ ముసలామె. ఆ పోట్లాట కింద గదిలోకి వినిపించేది. మాటలు అర్థం కాకపోయినా అది ఒక ఊరి ఆడవాళ్ల పోట్లాట అని నాకు తెలిసిపోయేది. బావి దగ్గర బిందెలు పెట్టి ఎవరి వంతని కొట్లాడుకుంటే ఎలా ఉంటుందో అలాగే ఉండేది.

నా కడుపు అక్కడ మండింది. ఎందుకో చెబుతాను. మాది కొంగరకలాన్ దిక్కున ఒక చిన్న ఊరు. మా ఇంటి నుంచి ఆటోలో పోతే ఒక సినిమా పాట వినేలోపు కాకపోయినా రెండు మూడు పాటల్లో వచ్చేస్తుంది. నా చిన్నప్పుడు బతుకమ్మకు మా ఊళ్లో పాట ఎత్తుకునేదాన్ని నేనే. నేను గొంతెత్తితే ముసలివాళ్లు కూడా వంగి చప్పట్లు కొట్టేవారు. తర్వాత చేలన్నీ ప్లాట్లయ్యాయి. ఒక్కొక్కరే అమ్ముకుని వెళ్లిపోయారు. మా అన్న మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఇంకొందరు ఎక్కడున్నారో తెలియదు. ఇప్పుడు అక్కడ ఒక పెద్ద గేటు, లోపల కాంక్రీటు రోడ్లు, రోడ్ల పక్కన నంబర్లు రాసిన రాళ్లు. ఊరిపేరు చెబితే గేటు దగ్గర కూర్చున్న కాపలా అతనే "గా పేరుతోని ఈడ ఏది లేదమ్మా" అన్నాడు. మా ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో పొద్దున పూల బొమ్మలు, సాయంత్రం ప్లాట్ల ధరలు వస్తాయి. పండక్కి అందరం ఒకచోట కలుద్దామని నేను రాస్తే చాలామంది బొటనవేలు బొమ్మ పెట్టారు. వచ్చినవాళ్లు లేరు.

ఆమె సముద్రాలు దాటి వచ్చి నలుగురిని కూడగట్టుకుంది. నేను పుట్టిన మండలంలోనే ఉండి ఒక్కరిని కూడగట్టుకోలేకపోయాను. ఇక కుళ్లక ఏం చెయ్యను?

అయినా అదీ ఓర్చుకునేదాన్నేమో, మా అమ్మాయి జోలికి రాకుండా ఉంటే. కలకత్తా ఆమెకు ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లకు తమ అక్షరాలు నేర్పాలని తోటికోడలు ఆదివారాలు పలక పట్టింది. మా అమ్మాయి కూడా పోయి కూర్చుంది. కొక్కేల్లా వంకర తిరిగిన ఆ అక్షరాలను కొద్ది నెలల్లో దిద్దేసింది. తెలుగు నోట్‌బుక్ తీస్తే ఒత్తులన్నీ తప్పులే. నేను ఎర్రపెన్నుతో దిద్దుతుంటే, "చిన్నమ్మ గిట్ల కొట్టేయదు. పక్కకు మంచిగ రాసి సూపిస్తది" అంది. పెన్ను పక్కన పడేసి వంటింట్లోకి వెళ్లాను. ఇంకోరోజు అన్నం తింటూ, "అమ్మా, మనోళ్లు ఎప్పుడొస్తరు?" అని అడిగింది. మీర్‌పేట్ నుంచి మామ వస్తున్నాడేమో అనుకుని, "మామనా?" అన్నాను. "మామ గాదు, చిన్నమ్మోళ్లు" అంది. నా కూతురికి మనోళ్లంటే వాళ్లు! అత్తమ్మను, మా ఆయన్ని, వాడకట్టు ఆడవాళ్లను, ద్రాక్ష పందిరిని, అన్నింటినీ ఆమెకు వదిలేస్తాను, ఈ పిల్లను మాత్రం వదలను అని గట్టిగా అనుకున్నాను.

ఏప్రిల్ చివర్లో బడి మూసేశారు. మూసేసింది పిల్లలకే, మాకు కాదు. వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరగాలి. ఆ రోజు కరపత్రాలు పంచి పంచి, తలుపు తీయనివాళ్లతో కూడా నవ్వుతూ మాట్లాడి, సాయంత్రానికి ఇల్లు చేరాను. వాకిట్లో కార్లున్నాయి. ఆదివారం కాదే, వీళ్లెందుకొచ్చారు అనుకున్నాను. కింద ఎవరూ లేరు. అత్తమ్మ కూడా లేదు. మోకాళ్ల నొప్పులని దేవుడి గూటి దాకా కూడా రాని మనిషి మెట్లెక్కి పైకి పోయింది. కాళ్లు కడుక్కుని చూస్తే పెరట్లో నా కుండీలు బోసిగా ఉన్నాయి. బంతి, నందివర్ధనం, కనకాంబరాలు, ఒక్క పువ్వు లేదు. అటక మీద నా తాంబాళం లేదు. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి తాంబాళం అది, ఏడాదికోసారి బతుకమ్మకు తప్ప తీయను.

మెట్ల మీద సగం దాకా వెళ్లి తొంగి చూశాను. డాబా నడుమ నా తాంబాళం. దాని మధ్యలో దీపం, చుట్టూ వరుసగా నా పూలు. వాటి చుట్టూ ఆడవాళ్లు గుండ్రంగా నిలబడ్డారు. అత్తమ్మ కుర్చీలో కూర్చుంది. మా అమ్మాయి తోటికోడలి పక్కన, ఆమె చెయ్యి పట్టుకుని.

తాంబాళంలో పూలు, చుట్టూ ఆడవాళ్లు. ఇక నేనేమనుకోవాలి? మా వైపు పుట్టిన ఏ ఆడదైనా ఇంకేమనుకుంటుంది? నా బతుకమ్మను కూడా ఎత్తుకుపోయారు అనుకున్నాను. కాలం కాని కాలంలో, నా పూలతో, నా తాంబాళంలో, నా కూతుర్ని పెట్టుకుని, నన్ను పిలవకుండా! ఒళ్లంతా కారం రాసినట్టయింది. కిందికి దిగి పట్టుచీర కట్టాను. గాజులు నిండుగా వేసుకున్నాను, కొప్పులో పెట్టుకుందామంటే పువ్వొకటి మిగల్చలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లోనే ఓడిపోతున్నదాన్ని ఇంట్లోనే గెలుద్దామని గబగబా పైకెక్కాను. వాళ్ల మధ్యలోకి చొరబడి, ఎవరి మొహమూ చూడకుండా, వంగి చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకున్నాను. ఎన్నేళ్ల తర్వాత అంత గొంతు వచ్చిందో! మా ఊరి పాట మా ఊరి దిక్కుకు వినిపించాలన్నంత గట్టిగా పాడాను.

మొదటి చరణానికి ఎవరూ కదల్లేదు. రెండో చరణానికి తెహ్రాన్ ముసలామె నా వెనక వచ్చి, నాలాగే వంగి, మెల్లగా చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. పెద్దామె కదిలేసరికి మిగతావాళ్లూ కదిలారు. అడుగులు తప్పుతున్నా నా వెనకే తిరిగారు. గెలిచాననుకున్నాను. అంతలో మా అమ్మాయి నా కొంగు పట్టి లాగింది.

"అమ్మా, ఆపే. గట్ల పాడొద్దు."

"ఎందుకు పాడొద్దే? నా పండుగకు నేను పాడొద్దా?"

"పండుగ గాదే అమ్మా, ఆళ్లు ఏడుస్తున్నరు సూడు."

చూశాను. ముసలామె చప్పట్లు కొడుతూనే ఉంది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. బేరూత్ ఆమె కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. అందరూ నల్లబట్టలు కట్టుకున్నారని నాకు అప్పుడు కనబడింది. పట్టుచీరలో, చేతినిండా గాజులతో వాళ్ల మధ్య నిలబడిపోయాను. గాజుల చేతులు కొంగు కింద దాచుకున్నాను.

తోటికోడలు దగ్గరికొచ్చింది. "అక్కా, గిది మావోళ్లు సచ్చిపోయిన దినం. నూరేండ్లు దాటింది. అప్పటి సర్కారోళ్లు ఊర్లకూర్లు ఖాళీ చేపిచ్చిన్రు, సంపిన్రు. మా అవ్వల అవ్వలు ఎండల నడ్సుకుంట పోయిన్రు. ఎవలు ఏడ పడిపోయిన్రో ఎవలకు తెల్వది. గోరీలు లెవ్వు. గందుకే మేం ఏ దేశంల ఉన్నా ఏప్రిల్ ఇరవైనాలుగు నాడు గిట్ల పూలు పెడ్తం."

"మరి నాకొక మాట చెప్పొద్దా?" అన్నాను. గొంతులో కోపం ఇంకా పోలేదు.

"దీనికి పిలువరక్కా. తెలిసినోళ్లు అట్లనే వస్తరు."

"సావుకు బొట్టు వెట్టి పిలుస్తరానే?" అంది అత్తమ్మ కుర్చీలోంచి. "నన్ను గూడ ఎవలు పిల్వలే, నేనే వచ్చిన."

"పెద్దామె ఎందుకు ఆడింది మరి?" అని అడిగాను.

"మీ దిక్కు గిట్ల పాడుకుంట ఏడుస్తరేమో అనుకున్నదంట. నువ్వు తోడొచ్చినవని మస్తు సంతోషపడ్డది అక్కా."

కిందికి పోదామని తిరిగాను. ముసలామె నా మణికట్టు పట్టుకుని తన పక్కన నిలబెట్టుకుంది. ఆ పట్టు విడిపించుకుందామంటే రాలేదు. తర్వాత వాళ్ల పద్ధతి మొదలైంది. ఒక్కొక్కరు ఒక పువ్వు తీసుకుని, తమ ముత్తవ్వలు విడిచి వచ్చిన ఊరిపేరు చెప్పి, దీపం పక్కన పెడతారు. మిగతావాళ్లంతా ఆ పేరు ఒకసారి కలిసి అంటారు. అంతే, ఇంకేమీ లేదు. ముసలామె ఒక పేరు చెప్పింది, అందరూ అన్నారు. బేరూత్ ఆమె చెప్పింది, కలకత్తా ఆమె చెప్పింది. ఆ ఊళ్లను వాళ్లలో ఏ ఒక్కరూ కళ్లతో చూడలేదు. వాళ్ల అమ్మలూ చూడలేదు. అయినా ప్రతి పేరుకూ ఒక గుంపు గొంతు కలిపింది. నేను బావి నీళ్లు తాగిన ఊరు నాది, దానికి గొంతు కలిపేవాళ్లు లేరు. ఏడుస్తున్నవాళ్లను చూసి కూడా అసూయపడే దౌర్భాగ్యం నాకే పట్టింది.

నా తోటికోడలు తన ఊరు చెప్పింది. ఆ తర్వాత మా అమ్మాయి బంతిపువ్వు తీసుకుని ముందుకెళ్లింది. నోరు తిరగని ఒక పేరును ఒక్క అక్షరం తడబడకుండా చెప్పి పువ్వు పెట్టింది. అందరూ ఆ పేరు అన్నారు, అత్తమ్మతో సహా.

"గా ఊరు నీదెట్లయిందే?" అని అడిగాను.

"చిన్నమ్మోళ్ల అమ్మ దిక్కు ముత్తవ్వ ఊరు. చిన్నమ్మకు రెండూర్లున్నయ్‌గద, ఒకటి నాకిచ్చింది. మర్చిపోవద్దని చెప్పింది."

నా పిల్లకు ఊరు ఇచ్చింది! చీర పెడితే తిరిగి చీర పెట్టొచ్చు. గాజులు కొనిస్తే గాజులు కొనివ్వొచ్చు. దీనికి నేనేం పెట్టేది? ఆమె వైపు కోపంగా చూద్దామనుకున్నాను కానీ, ఆమె దీపానికి గాలి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

ముసలామె నందివర్ధనం పువ్వొకటి నా చేతిలో పెట్టి, కళ్లతోనే నీది చెప్పమంది. మా ఊళ్లో ఎవరినీ ఎవరూ చంపలేదు, తరమలేదు, డబ్బులు తీసుకునే వెళ్లాం, మా ఊరిని మీ ఊళ్ల పక్కన పెట్టడం తప్పు అని చెబుదామనుకున్నాను. అది ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. మా ఊరిపేరు చెప్పాను. ఎవరైనా అడిగితే ఇబ్రహీంపట్నం అని చెప్పడం అలవాటైపోయి, ఆ పేరు నా నోట్లోంచి వచ్చి ఎన్నేళ్లయిందో. పువ్వు దీపం పక్కన పెట్టాను.

వాళ్లంతా ఒక్కసారి ఆ పేరు అన్నారు. తెహ్రాన్ యాసలో, బేరూత్ యాసలో, అక్షరాలు అటూ ఇటూ చేసి అన్నారు. తోటికోడలు అంది. అత్తమ్మ అంది. మా అమ్మాయి మాత్రం అనలేదు. నా మొహంలోకి చూసి, "అమ్మా, గా ఊరేడుంది?" అని అడిగింది.

నేను పక్కకు తిరిగి కొంగరకలాన్ వైపు చెయ్యి చూపించాను. డాబా మీద నుంచి ఆ దిక్కున కొత్త బిల్డింగుల దీపాలు కనిపిస్తున్నాయి.

"గంత దగ్గరనా! నువ్వు ఆడ పుట్టినవా? మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పనీకి ఆడ ఏం లేదు బిడ్డా. రాళ్లున్నయ్, నంబర్లు రాసిన రాళ్లు."

"ఉన్నా సరే, సూస్త. మీ ఇల్లు ఏ నంబరు కాడుంటుండెనో సూపియ్యి. రేపు తోల్కపోతవా?"

"అవ్, రేపు పొద్దుగాల పోదం."

మా అమ్మాయి మొహం విప్పారింది. వెనక్కి తిరిగి, "చిన్నమ్మను గూడ తోల్కపోదమా అమ్మా?" అంది.

"వద్దు" అన్నాను. "మనిద్దరమే పోదం."